నిమిషాల లెక్కన యాత్రలా?

విశాఖ నుంచి అరకుకు ఒకరోజు టూరు. ఉదయం ఆరింటికి పికప్. ఎనిమిదిన్నరకు దారిలో టిఫిన్. పదిన్నరకు బొర్రా గుహలు, గంట టైం. తర్వాత గిరిజన మ్యూజియం, అరగంట. భోజనం. పద్మాపురం గార్డెన్స్, నలభై నిమిషాలు. కాఫీ తోటల దగ్గర ఫొటోలకు పదిహేను నిమిషాలు. సాయంత్రం థింసా నృత్యం, రాత్రి తొమ్మిదిన్నరకల్లా మళ్లీ విశాఖలో. ఇలాంటి కాగితం ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో చూడని తెలుగు కుటుంబం ఉండదు. చూసినవాళ్లు అనే మాట కూడా ఒకటే: “బాగా ప్లాన్ చేశారు, అన్నీ కవరైపోతాయి.”

ఈ మెచ్చుకోలు వెనక ఒక గట్టి నమ్మకం ఉంది. సెలవులు తక్కువ, డబ్బు కష్టార్జితం, వెంట పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటారు. కాబట్టి గడప దాటకముందే ప్రతి గంటకూ లెక్క తేలిపోవాలి. లెక్క తేలకుండా బయల్దేరడం పనీపాటా లేని కుర్రకారు చేసే పని. వినడానికి ఇది పెద్దమనిషి మాటలాగే ఉంటుంది. నిలదీసి చూస్తే మాత్రం ఒక్క కాలి మీద కూడా నిలబడదు.

ముందు ఆ అరకు కాగితాన్నే చూద్దాం. విశాఖ నుంచి అరకు నూరు కిలోమీటర్లు దాటుతుంది, అందులో కొంత భాగం ఘాట్ రోడ్డు. పోనూ రానూ ఆరేడు గంటలు బండిలోనే గడిచిపోతాయి. మిగిలిన గంటలను ముక్కలు చేసి ఐదారు చోట్లకు పంచారు. ఆ దారి పొడవునా ఊళ్లలో వారానికో రోజు సంత జరుగుతుంది. కొండల మీది ఊళ్ల నుంచి ఆడవాళ్లు తెల్లవారకముందే మూటలు నెత్తిన పెట్టుకుని కాలినడకన దిగుతారు. దూరం వాళ్లు జీపుల్లో వేలాడుతూ వస్తారు. పసుపు, అల్లం, పిప్పళ్లు, చింతపండు, అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్లు నేల మీదే పరుస్తారు. ఒక పక్క గిరిజన సహకార సంస్థ కాటా, ఇంకో పక్క షావుకారు కాటా. రాజ్‌మా గింజలు గుప్పిట్లోకి తీసుకుని ఊదుతూ చూసే కొనుగోలుదారు, ముల్లు ఎటు మొగ్గుతోందో కన్నార్పకుండా చూసే అమ్మకందారు. ఒకే బేరంలో ఆదివాసీ ఒడియా, కువి, తెలుగు మూడూ వినిపిస్తాయి. లోయలో బతుకు ఎలా నడుస్తుందో, పండించినవాడి చేతికి ఎంత దక్కుతుందో ఇక్కడ అరగంట నిలబడితే తెలుస్తుంది.

టూరు బస్సు హారన్ కొట్టుకుంటూ ఆ పక్క నుంచే వెళ్లిపోతుంది. సంత కాగితంలో లేదు. కిటికీ పక్కన కూర్చున్న పాప ఆపమన్నా డ్రైవరు ఆపలేడు, మ్యూజియానికి ఆలస్యమవుతుంది. ఆదివాసుల బొమ్మలు చూడటానికి ఆదివాసులను దాటుకుంటూ పోయే ఈ తొందరకు ‘మంచి ప్లానింగ్’ అని పేరు!

డబ్బుకు తగ్గ ఫలితం కావాలంటే అన్నీ చూడాలి కదా అంటారు. చూసినవాటి సంఖ్యే ఫలితమైతే ఆ మాట ఒప్పుకోవచ్చు. కానీ ఎవరైనా డబ్బు పెట్టేది సంఖ్య కోసం కాదు, సంతోషం కోసం. ఆ సంతోషం ఎక్కడ తరుగుతుందో గాబ్రియేలా టోనియెట్టో, సెలిన్ మాల్కోచ్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో కనిపిస్తుంది. పరీక్షల రోజుల్లో విద్యార్థులకు ఉచితంగా కాఫీ, బిస్కెట్లు ఇచ్చారు. కొందరికి ఫలానా టైముకు రమ్మని చెప్పారు. మిగిలినవాళ్లకు ఈ రెండు గంటల్లో ఎప్పుడైనా రండి అన్నారు. కాఫీ అదే, బిస్కెట్టూ అదే. టైం బిగించినవాళ్లు తక్కువ ఆస్వాదించారు. గడియారం పెట్టుకుని చేసేసరికి విశ్రాంతి కూడా డ్యూటీ అయిపోతుందన్నది వాళ్లు తేల్చిన సంగతి. అలాగని వాళ్లు ప్లానే వద్దనలేదు. ‘మధ్యాహ్నం ఎప్పుడో ఒకప్పుడు’ అన్నంత వదులుగా అనుకుంటే ఆ నష్టం జరగలేదని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. మన టూరు కాగితాల్లో లేనిది సరిగ్గా ఆ వదులే.

ప్లాను పక్షం చేతిలో ఇంతకన్నా బలమైన వాదన ఒకటుంది. నెదర్లాండ్స్‌లో పదిహేను వందల మందికి పైగా పెద్దల మీద జరిపి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, సెలవులకు వెళ్లొచ్చినవాళ్లు తిరిగొచ్చాక ఇంట్లో ఉన్నవాళ్లకన్నా ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. బయల్దేరకముందు మాత్రం ఉన్నారు. అంటే ఎదురుచూపులోనే సుఖం ఉంది, మ్యాపులు ముందేసుకుని కూర్చోవడంలోనే సగం యాత్ర ఉంది. నిజమే, కాదనక్కర్లేదు. అయితే ఆ అధ్యయనమే ఒక మినహాయింపు కూడా చూపించింది: తిరిగొచ్చాక కూడా కొంతకాలం సంతోషం నిలిచింది చాలా తీరుబడిగా గడిపొచ్చామని చెప్పినవాళ్లకే. ఎదురుచూపు కోసం టేబుల్ నిండా మ్యాపులు పరుచుకోండి, ఎవరొద్దన్నారు? పరిచిన ప్రతి చుక్కనూ తొక్కి తీరాలన్న పంతం దగ్గరే పేచీ.

పోనీ, నెలల ముందు వేసే ఈ లెక్కలన్నీ నిలుస్తున్నాయా? రైళ్లలో ముందస్తు రిజర్వేషన్ గడువు చాలాకాలం 120 రోజులు ఉండేది. 2024 నవంబర్ 1 నుంచి రైల్వే దాన్ని 60 రోజులకు తగ్గించింది. 61 నుంచి 120 రోజుల ముందు తీసుకున్న టికెట్లలో దాదాపు 21 శాతం రద్దవుతున్నాయని రైల్వే శాఖే కారణం చెప్పింది. నాలుగు నెలల తర్వాత ఏ రోజున ఎక్కడ ఉంటామో మనకు తెలుసన్నది మనమే సృష్టించుకున్న ధీమా. ఆఫీసులో సెలవు కుదరదు, పిల్లాడి పరీక్ష వాయిదా పడుతుంది, పెద్దాయనకు షుగర్ పెరుగుతుంది. లెక్క తప్పడం సహజమని తెలిసి కూడా తప్పడానికి చోటివ్వని లెక్కలు వేసుకోవడం తెలివైన పనేమీ కాదు.

ప్యాకేజీ టూరును తిట్టిపోయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. 1841 జూలై 5న ఇంగ్లండ్‌లో థామస్ కుక్ దాదాపు ఐదు వందల మందిని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు తలా ఒక షిల్లింగుకు రైల్లో తీసుకెళ్లి తీసుకొచ్చినప్పుడు, అంతకుముందు ఊరు దాటే స్తోమత లేని మామూలు జనానికి అదో వరం. తెలియని ఊరు, తెలియని భాష, దొరకని టికెట్టు: ఈ భయాలన్నిటికీ ప్యాకేజీ మందు వేసింది. ఆ భయాల్లో చాలావాటికి ఇప్పుడు జేబులోని ఫోనే జవాబు. దారి మ్యాపు చూపిస్తుంది, యూపీఐ చెల్లిస్తుంది, బోర్డు మీది మాటలను కెమెరా తర్జుమా చేస్తుంది, గది ఆ సాయంత్రమే దొరుకుతుంది. ముందే అన్నీ బిగించుకోవాల్సిన అవసరం తగ్గిన కాలంలోనే బిగింపు పెరగడం వింతల్లోకెల్లా వింత.

“మన పెద్దవాళ్లు ఊరికే తిరిగారా? పద్ధతిగా తీర్థయాత్రలు చేశారు” అని ఇంకో దెప్పు. పెద్దవాళ్ల పద్ధతేమిటో చూస్తే ఈ దెప్పు తిరిగి అన్నవాళ్లకే తగులుతుంది.

కాశీ వెళ్తే తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్నది తెలుగువాళ్లలో తరాలుగా ఉన్న ఆనవాయితీ. తల్లి కడుపులో మోసిన తొమ్మిది నెలలకు గుర్తుగా అంటారు. నమ్మకం సంగతి అటుంచితే, తొమ్మిది రోజులంటే ఎంత ఖాళీయో చూడండి. స్నానం, విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు: రెండు మూడు రోజుల్లో అయిపోతాయి. తక్కిన రోజుల్లో మనిషికి ఊరే గతి. పొద్దున ఆంధ్రాశ్రమంలో కాఫీ తాగి ఘాట్ల వెంట ఎటో నడవడం, తెలుగులో బేరమాడే పడవవాడితో పిల్లల చదువుల గురించి మాట్లాడటం, సందులో తప్పిపోయి మట్టి ముంతలో లస్సీ తాగి బయటపడటం. పదేళ్ల తర్వాత కూడా కాశీ గురించి పెద్దవాళ్లు చెప్పే కబుర్లన్నీ ఆ ఖాళీ పూటలవే.

ఇప్పుడు అదే తొమ్మిది రోజుల్లో ఏం చూపిస్తున్నారు? 2023 మార్చిలో సికింద్రాబాద్ నుంచి మొదలైన భారత్ గౌరవ్ పుణ్యక్షేత్ర యాత్ర రైలు ఎనిమిది రాత్రులు, తొమ్మిది పగళ్లలో పూరీ, కోణార్క్, గయ, కాశీ, అయోధ్య, ప్రయాగ చుట్టి వచ్చింది. ఒంటరిగా వెళ్లలేని పెద్దవాళ్లకు అది మేలే చేసింది, సందేహం లేదు. కానీ దాన్నే యాత్రకు కొలబద్దగా పెట్టుకుని, ఒక్క కాశీలోనే తొమ్మిది రోజులు ఉంటామన్నవాళ్లను “అన్ని రోజులు ఏం చేస్తారక్కడ?” అని అడగడం మాత్రం సంప్రదాయం తెలియనితనం.

ఏనుగుల వీరాస్వామిని గుర్తు చేసుకోకుండా తెలుగులో ఈ వాదన పూర్తి కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైమాట. వెంట వంద మంది దాకా పరివారం, బోయీలు, డేరాలు. ఆయనను ప్లాను లేని మనిషి అనగలమా? దండయాత్రకు వెళ్తున్నట్టే సన్నాహం చేసుకున్నాడు. ఆ సన్నాహమంతా ఎందుకో చూస్తే ఆయన పద్ధతి అర్థమవుతుంది: చీకటి పడిన చోట దిగడానికి, ఏరు పొంగితే ఆగడానికి, నచ్చిన ఊళ్లో నాలుగు రోజులు ఉండటానికి. అలా ఆగిన చోటల్లా నీళ్లు ఎలా ఉన్నాయి, ధరలేమిటి, ఏ కులాలవాళ్లు ఏం తింటారు, అధికారులు ఎలా నడుచుకుంటున్నారు అని రాసుకున్నాడు. స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లై 1838లో అచ్చు వేయించిన ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ ఈనాటికీ చరిత్రకారులకు పనికొస్తోందంటే కారణం గుళ్ల జాబితా కాదు. సన్నద్ధత వేరు, టైంటేబుల్ వేరు. మనం మొదటిదాన్ని వదిలేసి రెండోదాన్ని పట్టుకున్నాం.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ సింహళం వెళ్లాలని కాంచీపురం దాకా వచ్చాడు. సింహళంలో రాజు చనిపోయాడనీ దేశంలో కరువనీ ఆ ద్వీపం నుంచి వచ్చిన భిక్షువులే చెప్పడంతో ఆ ప్రయాణం మానుకున్నాడు. అన్ని వేల మైళ్లు నడిచొచ్చి, ఒక మాట విని మనసు మార్చుకోవడం చిన్న విషయమా? అంతకుముందు అమరావతి దగ్గరి మన ధాన్యకటకంలో పండితులైన భిక్షువులు ఇద్దరు తారసపడితే వాళ్ల దగ్గర చదువుకుంటూ కొన్ని నెలలు ఉండిపోయాడు. ‘డే 3: అమరావతి, 2 గంటలు’ అని రాసుకొచ్చిన మనిషి చేయగలిగే పని కాదది.

అసలు భయం భద్రత గురించి. ప్లాను లేకపోతే ప్రమాదం అంటారు. ప్లానును వదలకపోవడం వల్ల వచ్చే ప్రమాదం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. వాతావరణం మారినా అనుకున్న చోటికి చేరాల్సిందేనని ముందుకే పోవడానికి విమానయాన రంగంలో ఒక పేరే పెట్టారు, ‘ప్లాన్ కంటిన్యుయేషన్ బయాస్’ అని. పైలట్లకు దాని గురించి ప్రత్యేకంగా చెబుతారు. టూరిస్టులకు ఎవరు చెబుతారు? 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరద మీదున్న రోజున పాపికొండలకు వెళ్తున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగి యాభై మంది దాకా పోయారు. టికెట్ కొన్న కుటుంబాలది తప్పనడం క్రూరత్వం; వరదలో బోటు కదలకుండా ఆపాల్సినవాళ్లు వేరే ఉన్నారు. కానీ ఆ తర్వాత కూడా “డబ్బులు కట్టేశాం, రూములు బుక్ అయిపోయాయి, ఇప్పుడెలా మానుకుంటాం?” అనే మాట వర్షాకాలంలో ప్రతి ఇంట్లో వినిపిస్తూనే ఉంది. ఈ మాట అనిపించేది ఖాళీ లేని ప్లానే. రేపు కాకపోతే ఎల్లుండి అనుకోగలిగినవాడికి నదిని చూసి వెనక్కి తిరగడం తేలిక.

ఎక్కడికి వెళ్తున్నామో ఇంట్లో చెప్పడం, మందులు రెండు చోట్ల సర్దుకోవడం, మొదటి రాత్రికి గది, తిరుగు రైలుకు బెర్తు చూసుకోవడం: ఇవన్నీ చేయాల్సిందే. తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్టు నెలల ముందే తీసుకోవాలి. అరుణాచల్‌కో నాగాలాండ్‌కో పోవాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. షెంజెన్ వీసాకైతే ఏ రాత్రి ఎక్కడ పడుకుంటామో, విమానం ఎప్పుడో, ముప్పై వేల యూరోల బీమా ఉందో లేదో అన్నీ చూపించాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు లెక్క తేలకుండా బయల్దేరే స్వేచ్ఛ తక్కువే. అదే నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. యాత్రకు రెండు కొసలూ గట్టిగా కట్టుకోవడం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. గొడవంతా మధ్య రోజుల గురించే.

ఇక చివరి ఆక్షేపణ: అప్పటికప్పుడు బయల్దేరడం డబ్బున్న మగపిల్లల విలాసం, ఆడవాళ్లకు కుదరదు అని. దీనికి జవాబు పుస్తకాల్లో వెతకక్కర్లేదు, బస్టాండుకు వెళ్తే చాలు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ ఛార్జీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఇలాంటిదే స్త్రీశక్తి పథకం మొదలైంది. ఆధార్ కార్డు కొంగున కట్టుకుని, మధ్యాహ్నం వంట ముగించి, ఇద్దరు వదినా మరదళ్లు వేములవాడకో కొమురవెల్లికో బయల్దేరగలుగుతున్నారు. రిజర్వేషన్ లేదు, ప్యాకేజీ లేదు, ఎవరి అనుమతీ లేదు. అనుకున్నారు, ఎక్కారు. ఏళ్లుగా పుట్టింటికీ ఆసుపత్రికీ తప్ప బస్సెక్కని ఆడవాళ్లకు ఊరికే ఒక ఊరు చూసి రావడం కొత్త. దీని మీద ఎన్ని వెక్కిరింపులు! పని లేకుండా తిరుగుతున్నారని, బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటున్నారని. ఒలుచుకుంటే ఏమైంది? ఇంటి పని కూడా వెంట తెచ్చుకుని మరీ ప్రయాణం చేస్తున్నవాళ్లను మెచ్చుకోవాల్సింది పోయి ఎగతాళి చేయడంలో మన గుట్టు బయటపడింది. ‘పని లేకుండా’ ఊరు దాటడం కొందరికే హక్కనే నమ్మకం ఆ నవ్వుల వెనక ఉంది.

ప్లాను లేదని చాటుకునేవాళ్లందరూ ఈ వ్యాసం పక్షమేనని కూడా అనుకోకండి. రీల్స్ చూసి తెల్లవారుజామున మూడింటికి వంజంగి కొండ మీదికి టార్చిలైట్లతో బారులు తీరే జనం కూడా టైంటేబుల్ మనుషులే. ఆ మేఘాల ముందు, ఆ రాయి మీద, ఆ భంగిమలోనే ఫొటో. కాగితం బదులు ఫోను చెప్పింది, అంతే తేడా. ముందే చూసేసిన బొమ్మతో ఎదుట ఉన్నదాన్ని సరిపోల్చుకుని దిగిపోతే మనసు తెరుచుకున్నట్టు కాదు.

మనసు తెరవడం అనేది ఎక్కువగా తిండి దగ్గరే తేలిపోతుంది. ‘తెలుగు వంటవాడు వెంట వస్తాడు’ అన్నది మన టూరు ప్రకటనల్లో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మడి పాటించే అమ్మమ్మకు, పథ్యం తినే తాతయ్యకు అది నిజంగా అవసరం. ఆవకాయ సీసా పట్టుకెళ్లడంలోనూ నామోషీ ఏమీ లేదు. కానీ నలభై ఏళ్ల ఆరోగ్యవంతుడు బనారస్‌లో వారం ఉండి పొద్దున్నే దొరికే కచోరీ, జిలేబీ రుచి చూడకుండా, మూడు పూటలా పప్పు, సాంబారు తిని “అక్కడ తిండి బాగోదండీ” అని తీర్పు చెప్తే వినేవాళ్లకు ఒళ్లు మండాలి. ఆయన చూసింది కాశీ కాదు, గంగ ఒడ్డున పెట్టిన మన వీధి మెస్సు. తినని తిండి మీద, మాట్లాడని మనుషుల మీద అభిప్రాయాలు మోసుకొచ్చి పంచిపెట్టడం కన్నా ఇంట్లో ఉండటమే నయం.

టూరు నడిపేవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. పర్యాటక సంస్థలైనా, ప్రైవేటు ట్రావెల్స్ అయినా, కాగితంలో రోజుకు ఒక పూట ఏమీ రాయకుండా వదిలేస్తే వాళ్లకు పోయేదేమీ లేదు; డీజిలూ కలిసొస్తుంది, డ్రైవరుకూ కునుకు దొరుకుతుంది. ఆ పూట గదిలో పడుకునేవాళ్లు పడుకుంటారు, సంతకు వెళ్లేవాళ్లు వెళ్తారు.

వాళ్లు వదిలేదాకా మీరు ఆగనక్కర్లేదు. ఈసారి కాశీకి టికెట్లు తీసేటప్పుడు తిరుగు ప్రయాణం తేదీని రెండు రోజులు తర్వాతకు జరపండి. ఆ రెండు రోజులకు దర్శనాలు, పడవలు, సార్‌నాథ్ టాక్సీ, ఏదీ బుక్ చేయకండి. ఇంట్లో ఎవరైనా “ఆ రెండు రోజులు ఏం చేస్తారు?” అని అడిగితే, అక్కడికి వెళ్లాక చూసుకుంటామని చెప్పండి.